నాబ్ తిప్పితే రంగు మారాలి: మిడ్ ఇన్‌ఫ్రారెడ్ ఓపీఓ ప్రాజెక్టు డైరీ

మే, చివరి వారం

పంప్ లేజర్, అంటే మొత్తం అమరికకు శక్తినిచ్చే లేజర్, టేబుల్ ఎక్కింది. ఇటర్బియం ఫైబర్ లేజర్, 1040 నానోమీటర్లు, సెకనుకు 8 కోట్ల పల్సులు, ఒక్కో పల్సు 150 ఫెమ్టోసెకన్లు (సెకనులో పది కోట్ల కోట్లవ వంతు ఒక ఫెమ్టోసెకను). దీన్నుంచి మాకు కావలసింది 2.7 నుంచి 4.1 మైక్రాన్ల (మైక్రాన్ అంటే 1000 నానోమీటర్లు) మధ్య ఎక్కడ అడిగితే అక్కడ పలికే కాంతి. కెమిస్ట్రీ వాళ్లు వచ్చి "మిథేన్ చూడాలి" అంటే 3.31 దగ్గర, "పాలిమర్ చూడాలి" అంటే 3.42 దగ్గర, "ఓహెచ్ బంధం చూడాలి" అంటే 2.8 దగ్గర నిలబెట్టి ఇవ్వాలి. అదీ పక్కన ఓ రీసెర్చ్ స్కాలర్ స్క్రూడ్రైవర్ పట్టుకుని కాపలా లేకుండా.

ఈ ప్రాంతమే ఎందుకంటే అణువుల్లో కార్బన్‌, హైడ్రోజన్ బంధం ఊగే లయ ఇక్కడే ఉంది. మామూలు లేజర్లకు మాత్రం ఇది ఇబ్బంది పెట్టే చోటు. ఎర్బియం కలిపిన ఫ్లోరైడ్ ఫైబర్ 2.8 దగ్గర పలుకుతుంది, క్రోమియం కలిపిన జింక్ సల్ఫైడ్, జింక్ సెలినైడ్ 2 నుంచి 3 దాకా వస్తాయి, ఐరన్ కలిపిన జింక్ సెలినైడ్ 4 మైక్రాన్ల చుట్టుపక్కల మొదలవుతుంది. ఇలాంటి లేజర్ ఏదైనా దానిలోని అయాన్ శక్తి స్థాయిలు ఎక్కడ ఉంటే అక్కడే పలుకుతుంది. ఆప్టికల్ పారామెట్రిక్ ఆసిలేటర్‌కు, అంటే ఓపీఓకు, ఆ కట్టుబాటు లేదు. పంప్ ఫోటాన్ ఒకటి క్రిస్టల్‌లో రెండుగా విడిపోతుంది. శక్తి ఎక్కువ ఉన్నదాన్ని సిగ్నల్ అంటాం, తక్కువ ఉన్నది ఐడ్లర్. రెండింటి శక్తీ కలిపితే పంప్ శక్తికి సమానం కావాలి, అది మొదటి షరతు. ఏ నిష్పత్తిలో విడిపోవాలో క్రిస్టల్‌లో ఫేజ్ మ్యాచింగ్, అంటే మూడు తరంగాలూ అడుగు కలిపి నడవాలన్న షరతు, చెబుతుంది. ఆ నిష్పత్తిని మన చేతిలోకి తెచ్చుకోవడమే ట్యూనింగ్.

1965లో బెల్ ల్యాబ్స్‌లో జోర్డ్‌మైన్, మిల్లర్ మొదటి ఓపీఓ నడిపించినప్పుడు వాడింది కూడా మేం వాడబోయే లిథియం నియోబేట్ క్రిస్టలే. వాళ్లు క్రిస్టల్‌ను వేడి చేసి తరంగదైర్ఘ్యం మార్చారు. ఫెమ్టోసెకండ్ ఓపీఓ రావడానికి 1989 దాకా ఆగాల్సి వచ్చింది. అది కార్నెల్‌లో, కేటీపీ క్రిస్టల్‌తో. మేం కడుతున్నది కొత్త ఆవిష్కరణేమీ కాదు. కానీ ఇక్కడి వాతావరణంలో, మా చేతికి అందే సామానుతో, రోజంతా నమ్మకంగా నడిచేది కట్టడం వేరే పని. ఈ డైరీ దాని గురించే.

జూన్, మొదటి వారం: క్రిస్టల్ లెక్క

క్రిస్టల్ వచ్చింది. 5 శాతం మెగ్నీషియం ఆక్సైడ్ కలిపిన పీరియాడికల్లీ పోల్డ్ లిథియం నియోబేట్, మా మాటల్లో పీపీఎల్ఎన్. కాంతి నడిచే దిశలో పొడవు 1 మి.మీ., వెడల్పు 10 మి.మీ. మెగ్నీషియం ఎందుకంటే, అది లేని లిథియం నియోబేట్ వెలుతురు తగిలితే వక్రీభవన గుణకం మార్చేసుకుని కిరణాన్ని చెదరగొడుతుంది. కావిటీలో, అంటే మిర్రర్ల మధ్య కాంతి తిరిగే దారిలో, ఎలాగూ ఆకుపచ్చ కాంతి కాస్త పుడుతుంది కాబట్టి మాకు ఇది తప్పనిసరి.

క్రిస్టల్ లోపల డొమైన్ల (ఒకే దిశలో ధ్రువణం ఉన్న పొరల) దిశ సుమారు ప్రతి 15 మైక్రాన్లకూ తిరగబడుతుంది. రెండు తిరగబాట్లు కలిస్తే ఒక పీరియడ్. మేం తెప్పించింది ఫ్యాన్ అవుట్ రకం. తాటాకు విసనకర్ర మడతల్లాగా డొమైన్లు ఒక పక్క దగ్గరగా, రెండో పక్క ఎడంగా ఉంటాయి. ఒక అంచున పీరియడ్ 28.2 మైక్రాన్లు, రెండో అంచున 31.2. అంటే క్రిస్టల్‌ను పక్కకు 1 మి.మీ. జరిపితే పీరియడ్ 0.3 మైక్రాన్ మారుతుంది. కిరణం కదలదు, క్రిస్టలే కదులుతుంది. అందువల్ల కావిటీ అలైన్‌మెంట్ చెడదు. 1998లో ఈ పద్ధతిని నిరంతర తరంగ ఓపీఓలో చూపించాక, ట్యూనింగ్ కోసం ఓవెన్ స్థిరపడే దాకా కాచుకుని కూర్చునే అవసరం తప్పింది. మాకూ ఓవెన్ ఉంది, కానీ ఉష్ణోగ్రత ఒకేచోట నిలపడానికి మాత్రమే.

వక్రీభవన గుణకాల సమీకరణం పైథాన్‌లో రాసి పీరియడ్ లెక్క కట్టాను. గది ఉష్ణోగ్రతకు వచ్చిన అంకెలు ఇవి: పీరియడ్ 28.4 మైక్రాన్లు ఉంటే సిగ్నల్ 1400 నానోమీటర్లు, ఐడ్లర్ 4.04 మైక్రాన్లు. 29.4కి 1450, 3.68. 30.0కి 1500, 3.39. 30.8కి 1600, 2.97. 31.1కి 1650, 2.81.

ఈ అంకెలను కాగితం మీద గీసి చూస్తే గీత సరళరేఖ కాదు. సిగ్నల్ 1400 నుంచి 1450కి పోవడానికి పీరియడ్ దాదాపు 1 మైక్రాన్ మారాలి, అంటే క్రిస్టల్ 3 మి.మీ. జరగాలి. 1600 నుంచి 1650కి మాత్రం 0.8 మి.మీ. చాలు. ఈ వంపు సంగతి ముందు ముందు చాలా తేలుస్తుందని గీత చూడగానే సార్ అన్నారు.

పొడవు 1 మి.మీ.కే ఎందుకు ఆగామో కూడా రాసి పెట్టుకుంటాను. ఇంకా పొడుగు క్రిస్టల్ అయితే గెయిన్, అంటే సిగ్నల్ బలపడటం, ఎక్కువ వస్తుంది. కానీ పంప్ పల్సు, సిగ్నల్ పల్సు లిథియం నియోబేట్‌లో ఒకే వేగంతో నడవవు. 1500 దగ్గర లెక్క వేస్తే ప్రతి మిల్లీమీటరుకూ 100 ఫెమ్టోసెకన్ల ఎడం వస్తోంది. పల్సే 150 ఫెమ్టోసెకన్లు ఉన్నప్పుడు 5 మి.మీ. క్రిస్టల్ పెడితే రెండూ సగం దారిలోనే విడిపోతాయి.

జూన్, మూడో వారం: నారింజ రంగు

కావిటీ కట్టాం. క్రిస్టల్‌కు అటూ ఇటూ రెండు పుటాకార మిర్రర్లు, ఆ తర్వాత మడత మిర్రర్లు, చివర పీజో (వోల్టేజీ ఇస్తే మైక్రాన్ల లెక్కన కదిలే పరికరం) మీద ఎండ్ మిర్రర్. సిగ్నల్ ఒక్కటే కావిటీలో తిరుగుతుంది, ఐడ్లర్ పుట్టగానే బయటికి పోతుంది. ఐడ్లర్ బయటికి వచ్చే మిర్రర్ కాల్షియం ఫ్లోరైడ్ మీద పూత వేసినది. మామూలు బీకే7 గాజు 2.7 మైక్రాన్ల తర్వాత ఐడ్లర్‌ను మింగేస్తుంది. ఫ్యూజ్డ్ సిలికా కాస్త మెరుగు, అదీ 3.5 దాటితే కష్టం.

అసలు పని కావిటీ పొడవు కుదర్చడం. సిగ్నల్ పల్సు ఒక చుట్టు తిరిగి క్రిస్టల్ దగ్గరికి వచ్చేసరికి తర్వాతి పంప్ పల్సు సరిగ్గా అప్పుడే రావాలి. 80 మెగాహెర్ట్జ్ అంటే రాకపోకలకు 3.75 మీటర్లు, కావిటీ పొడవు 1.87 మీటర్లు. అందులో మైక్రాన్ల లెక్కన తేడా వచ్చినా పలకదు. ముందు ఫోటోడయోడ్, ఫ్రీక్వెన్సీ కౌంటర్ పెట్టి పంప్ రేటు కచ్చితంగా కొలిచాం. దాన్నుంచి పొడవు లెక్కగట్టి టేపుతో మిల్లీమీటరు వరకు సర్దాం. ఆపైన ట్రాన్స్‌లేషన్ స్టేజి మైక్రోమీటరును నెమ్మదిగా తిప్పడమే.

పలికిందని ఎలా తెలుస్తుంది? సిగ్నల్ కంటికి కనబడదు, ఐడ్లర్ అసలే కనబడదు. కానీ క్రిస్టల్‌లో పంప్, సిగ్నల్ కలిసి వాటి మొత్తం శక్తితో మూడో కాంతి కొంచెం పుడుతుంది. పంప్ 1040, సిగ్నల్ 1500 కలిస్తే 614 నానోమీటర్లు, ముదురు నారింజ. పంప్ ఒక్కటే ఉన్నప్పుడు మిర్రర్ వెనక తెల్ల కార్డు మీద 520 నానోమీటర్ల ఆకుపచ్చ చుక్క మాత్రమే ఉంటుంది. మైక్రోమీటరు నేను తిప్పుతుంటే కార్డు దగ్గర నిలబడ్డ మా జూనియర్ "అన్నా, ఆగు! వచ్చింది!" అని అరిచింది. ఆకుపచ్చ చుక్క పక్కన నారింజ మెరుపు. కాస్త వెనక్కి తిప్పితే పోయింది, ముందుకు తిప్పితే వచ్చి నిలబడింది.

ఇక్కడ జాగ్రత్త గురించి ఒక మాట. గాగుల్స్ తీసి ఈ రంగు చూడాలనిపిస్తుంది. వద్దు. 1040ని ఆపుతూ నారింజను పోనిచ్చే గాగుల్స్ దొరుకుతాయి. లేదా కార్డు మీదికి కెమెరా పెట్టుకుని తెర మీద చూడవచ్చు. 3 మైక్రాన్ల కాంతి రెటీనా దాకా పోదు కాబట్టి భయం లేదని కొందరంటారు. అది కంటి పైపొరలోని నీటిలోనే ఆగిపోతుంది కాబట్టి దెబ్బ కార్నియాకు తగులుతుంది.

జూన్, చివరి వారం: చవకలో తరంగదైర్ఘ్య మీటరు

ట్యూనింగ్ కావాలంటే ముందు ఎక్కడ ఉన్నామో తెలియాలి. మిడ్ ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోమీటర్ ఖరీదు మా ప్రాజెక్టు మొత్తం బడ్జెట్‌తో పోటీ పడుతుంది. డిపార్ట్‌మెంటులో ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రం కొలిచే పరికరం) ఉంది కానీ దాన్ని రోజూ మా టేబుల్ పక్కన కట్టేసుకోలేం.

నారింజ కాంతే దారి చూపింది. సిగ్నల్ జరిగినప్పుడల్లా ఆ రంగు కూడా జరుగుతుంది. సిగ్నల్ 1390 అయితే 595 నానోమీటర్లు, పసుపు కలిసిన నారింజ. 1680 అయితే 642, చక్కటి ఎరుపు. అంటే అరచేతిలో పట్టే కనబడే కాంతి స్పెక్ట్రోమీటర్‌తో ఐడ్లర్‌ను చదవవచ్చు. లెక్క చాలా తేలిక: పంప్ తరంగదైర్ఘ్యంతో 2ను భాగించి, అందులోంచి నారింజ తరంగదైర్ఘ్యంతో 1ని భాగించగా వచ్చింది తీసేస్తే, మిగిలింది ఐడ్లర్ తరంగదైర్ఘ్యపు విలోమం. 614.2 నానోమీటర్లు పెట్టి చూస్తే 3.39 మైక్రాన్లు వస్తుంది.

పొరపాటు ఎంత ఉంటుంది? నారింజలో అర నానోమీటరు తప్పు చదివితే ఐడ్లర్‌లో 15 నానోమీటర్ల తేడా. మా ఐడ్లర్ పల్సుకు ఎలాగూ 80 నానోమీటర్ల వెడల్పు ఉంటుంది, ఫెమ్టోసెకండ్ పల్సుకు అది తప్పదు. కాబట్టి ఈ కొలత మా అవసరానికి ధారాళంగా సరిపోతుంది. పంప్ మధ్య తరంగదైర్ఘ్యాన్ని మాత్రం ఓపీఓ పలకనప్పుడు, ఎండ్ మిర్రర్‌ను అడ్డుకుని కొలవాలి. ఓపీఓ నడుస్తున్నప్పుడు పంప్ స్పెక్ట్రం మధ్యలో కొంత తరిగిపోయి ఆకారం మారుతుంది.

ఫెమ్టోసెకండ్ ఓపీఓ కట్టేవాళ్లు ఎవరైనా ముందు ఈ పని చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం. మిడ్ ఇన్‌ఫ్రారెడ్ పరికరం ఒక్కటీ కొనకముందే మాకు రంగుల పటం చేతికొచ్చింది.

జూలై, మొదటి పక్షం: రెండు నాబ్‌లు

క్రిస్టల్ స్టేజికి మోటారు బిగించి, అంచు నుంచి అంచుకు జరుపుతూ కొలవడం మొదలుపెట్టాం. మొదట్లో క్రిస్టల్ కొద్దిగా జరగగానే ఓపీఓ ఆగిపోయేది. ఫేజ్ మ్యాచింగ్ కొత్త రంగును అడుగుతుంటే కావిటీ పాత రంగుకే కుదిరి ఉంటుంది. కొత్త రంగు క్రిస్టల్‌లో వేరే వేగంతో నడుస్తుంది కదా. లెక్క చూస్తే సిగ్నల్ 1400 నుంచి 1600కి పోయేసరికి గ్రూప్ ఇండెక్స్ (పల్సు వేగాన్ని చెప్పే గుణకం) 0.0056 తగ్గుతుంది. 1 మి.మీ. క్రిస్టల్‌కు ఎండ్ మిర్రర్‌ను 5 నుంచి 6 మైక్రాన్లు వెనక్కి జరపాలి. ఇది క్రిస్టల్ వాటా మాత్రమే, మిర్రర్ల పూతల వాటా దీనికి అదనం.

తర్వాత క్రిస్టల్‌ను కదపకుండా పీజోతో ఎండ్ మిర్రర్‌నే జరిపి చూశాం. అప్పుడూ రంగు మారింది. కావిటీ పొడవు పెరిగితే పల్సు ఎక్కువ దూరం అదే సమయంలో తిరగాలి, కాబట్టి క్రిస్టల్‌లో వేగంగా నడిచే పొడుగు తరంగదైర్ఘ్యానికి మారుతుంది. లిథియం నియోబేట్ 1500 దగ్గర మిల్లీమీటరుకు 110 ఫెమ్టోసెకండ్ స్క్వేర్డ్ డిస్పర్షన్ (రంగును బట్టి వేగం మారడం) ఇస్తుంది. రాకపోకలకు 2 మి.మీ. క్రిస్టల్ కాబట్టి, పూతలను పక్కన పెడితే, ఎండ్ మిర్రర్ 1 మైక్రాన్ జరిగినందుకు సిగ్నల్ 40 నానోమీటర్ల దాకా కదలాలి. కదలనిస్తుందా లేదా అన్నది ఫేజ్ మ్యాచింగ్ చేతిలో ఉంది.

సార్ జూన్‌లో వేలు పెట్టి చూపించిన వంపు సంగతి ఇక్కడ బయటపడింది. సిగ్నల్ 1400 దగ్గర ఉన్నప్పుడు పీజో ఎంత తిప్పినా రంగు నాలుగైదు నానోమీటర్లు కదిలి ఓపీఓ ఆగిపోతోంది. 1650 దగ్గర అదే పీజో కదలికకు రంగు హాయిగా జారుతూ పోతోంది, స్పెక్ట్రం కూడా వెడల్పుగా ఉంది. కారణం సిగ్నల్, ఐడ్లర్‌ల మధ్య వేగం తేడా. 1400, 4.04 జంట క్రిస్టల్‌లో మిల్లీమీటరుకు 180 ఫెమ్టోసెకన్లు విడిపోతాయి. 1500, 3.39 జంట 90. 1650, 2.81 జంట 40 కూడా విడిపోవు. వేగాలు దగ్గరపడే కొద్దీ గెయిన్ వెడల్పవుతుంది. పీరియడ్ గీత పైభాగంలో చదునుగా వంగడం కూడా ఇదే కారణంగానే.

కాబట్టి 4 మైక్రాన్ల చివర పెత్తనం క్రిస్టల్‌ది, 2.8 చివర పెత్తనం కావిటీ పొడవుది. మధ్యలో ఇద్దరినీ కలిపి నడపాలి. "ట్యూనింగ్ నాబ్" అని ఒకటి ఎక్కడా లేదు. వాడేవాళ్లకు ఒకే నాబ్ కనబడాలంటే లోపల ఈ రెంటినీ జతచేసిన పట్టిక ఉండాలి. ఐడ్లర్ అంకె ఇస్తే క్రిస్టల్ ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర, ఎండ్ మిర్రర్ ఎన్ని మైక్రాన్ల దగ్గర ఉండాలో ఆ పట్టిక చెప్పాలి. 2.8 చివర పట్టిక గడులు దగ్గర దగ్గరగా వేశాం, అక్కడ క్రిస్టల్ కొంచెం జరిగినా రంగు చాలా జరుగుతుంది కాబట్టి.

ఐడ్లర్ పవర్ 3.3 దగ్గర 200 మిల్లీవాట్లు చూపిస్తోంది. 4 వైపు పోయే కొద్దీ తగ్గుతుంది. ఇందులో కొంత ప్రకృతి నియమమే: 3.39 దగ్గర ఖర్చయిన పంప్ శక్తిలో ఐడ్లర్ వాటా 31 శాతం మించదు, 4.04 దగ్గర 26 శాతం మించదు. పవర్ కొలిచే ముందు జెర్మేనియం ఫిల్టర్ పెట్టాం. పంప్‌నూ సిగ్నల్‌నూ పూర్తిగా ఆపి ఐడ్లర్‌ను పోనిస్తుంది. కానీ పూత లేని జెర్మేనియం ఒక్కో ముఖం దగ్గర 36 శాతం వెనక్కి కొడుతుంది, ఆ సవరణ వేసి రాసిన అంకె ఇది.

జూలై, చివరి వారం: ఏసీ లయ

పట్టిక పొద్దున బాగానే పనిచేస్తుంది, మధ్యాహ్నానికి తప్పుతోంది. నారింజ రీడింగును గంటల తరబడి లాగ్ చేసి, పక్కనే టేబుల్ ఉష్ణోగ్రతను గీశాం. రెండు గీతలూ ఒకే లయలో ఊగుతున్నాయి. ఏసీ కంప్రెసర్ ఆన్, ఆఫ్ అయ్యే లయ అది.

లెక్క వేస్తే ఆశ్చర్యమేమీ లేదు. ఉక్కు పైపలకతో ఉన్న ఆప్టికల్ టేబుల్ డిగ్రీకి మీటరుకు 11 మైక్రాన్ల చొప్పున వ్యాకోచిస్తుందనుకుంటే, 1.87 మీటర్ల కావిటీకి డిగ్రీకి 20 మైక్రాన్లు. పదో వంతు డిగ్రీ మారితే 2 మైక్రాన్లు. 2.8 చివర అది రంగును ఊళ్లు దాటించే కదలిక. పంప్ లేజర్ లోపలి కావిటీ కూడా తన లెక్కలో తాను సాగుతుంది, రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకోవు.

కావిటీ చుట్టూ అక్రిలిక్ పెట్టె కట్టించాం. మా వర్క్‌షాపు పెద్దాయన మూతకు రబ్బరు అంచు వేసి, మోటారు వైర్లు దూరే రంధ్రాలకు కూడా బిరడాలు చేసిచ్చారు. "గాలి ఆడకూడదు అన్నావుగా బాబూ, చీమ కూడా దూరదు" అన్నారు. ఊగడం బాగా తగ్గింది. కానీ రోజు మొత్తం మీద నెమ్మదిగా జరిగే జరుగుడు పోలేదు.

దానికి మా జూనియర్ చేసిన ఆలోచన చక్కగా కుదిరింది. నారింజ స్పెక్ట్రోమీటర్ ఎలాగూ కంప్యూటర్‌కు కలిపే ఉంది. ఆ స్పెక్ట్రం కేంద్ర బిందువును సెకనుకు ఐదుసార్లు లెక్కగట్టి, కావలసిన అంకె నుంచి తేడాను పీజో వోల్టేజీగా మార్చితే సరి. నారింజ ఎరుపు వైపు జరిగితే కావిటీ పొడవు పెరిగినట్టు, మిర్రర్‌ను లోపలికి లాగాలి. వేగవంతమైన ఫోటోడయోడ్ సర్క్యూట్ కట్టాలని నేను ఆలోచిస్తున్నాను కానీ, జరుగుడు నిమిషాల మీద సాగుతుంటే సెకనుకు ఐదు సవరణలు ధారాళం. గ్రేటింగ్ కొనక్కర్లేదు, కొత్త డిటెక్టర్ అక్కర్లేదు. ఒకే స్పెక్ట్రోమీటర్ మీటరుగానూ, కళ్లెంగానూ పనిచేస్తోంది. ఈ కళ్లెం, మా మాటల్లో లాక్, పెట్టాక పొద్దున పెట్టిన రంగు సాయంత్రం దాకా స్పెక్ట్రోమీటర్ కొలవగలిగినంత కచ్చితంగా అక్కడే ఉంది.

ఈ లాక్ ఉంటేనే ట్యూనింగ్ నిజంగా మనదవుతుందని నాకనిపిస్తోంది. చాలా చోట్ల ట్యూనింగ్ పరిధి గురించే గొప్పగా రాస్తారు. ఎక్కడికి పోగలదో చెబుతారు, పోయినచోట గంటసేపు నిలబడుతుందో లేదో చెప్పరు. వాడేవాళ్లకు రెండోదే ముఖ్యం.

ఆగస్టు: తేమ

హైదరాబాద్‌లో ముసురు పట్టింది. ల్యాబ్‌లో తేమ 70 శాతం. ట్యూనింగ్ పరిధి రెండు చివర్లా ముడుచుకుపోయింది.

2.7 చివర ఇలా అవుతుందని ముందే తెలుసు. నీటి ఆవిరి అణువు ఓహెచ్ బంధాలు సాగే తరంగదైర్ఘ్యాలు 2.66, 2.73 మైక్రాన్ల దగ్గరే ఉన్నాయి. ఐడ్లర్ గాలిలో రెండు మీటర్లు నడిచి డిటెక్టర్ చేరేసరికి స్పెక్ట్రం దువ్వెన పళ్లలా తెగిపోయి వస్తోంది. ఐడ్లర్ కావిటీలో తిరగదు కాబట్టి ఓపీఓకు ఏమీ కాలేదు, బయటికొచ్చిన కాంతే దెబ్బతింటోంది.

4.1 చివర ఎందుకు పాడవుతోంది? 4.1 దగ్గర నీటి ఆవిరికి అంత బలం లేదు. కార్బన్ డయాక్సైడ్ గట్టి పట్టు, అంటే కాంతిని బాగా మింగే చోటు, 4.26 దగ్గర, అది మా పరిధికి అవతల. అయినా అక్కడ ఓపీఓ పలకడమే కష్టమవుతోంది, పలికినా సిగ్నల్ ఒక రంగు నుంచి పక్క రంగుకు గెంతుతోంది. ఐడ్లర్‌ను వదిలేసి సిగ్నల్ వైపు చూస్తే అర్థమైంది. 4.1 ఐడ్లర్‌కు జంట సిగ్నల్ 1390 నానోమీటర్లు. నీటి ఆవిరికి 1.38 మైక్రాన్ల దగ్గర ఇంకో పట్టు ఉంది. ఐడ్లర్ ఒక్కసారి గాలిలో నడిచి పోతుంది, సిగ్నల్ మాత్రం చుట్టు చుట్టుకూ 3.75 మీటర్ల తడి గాలి తాగి రావాలి. చిన్న నష్టం కూడా తిరిగే కొద్దీ పోగుపడుతుంది. అంటే మా పరిధికి రెండు గట్లూ నీళ్లే: ఒక గట్టు దగ్గర ఐడ్లర్ తడుస్తోంది, రెండో గట్టు దగ్గర సిగ్నల్.

ఏసీ కోసం కట్టించిన పెట్టె ఇక్కడ అక్కరకొచ్చింది. పొడి నైట్రోజన్ పైపు పెట్టి సన్నగా వదిలాం. తేమ 5 శాతానికి దిగాక 4.1 చివర గెంతులు ఆగి, పొద్దున వేసిన లాక్ అక్కడా పట్టింది. ఐడ్లర్ బయట నడిచే దారికి కూడా గొట్టం తొడిగి అదే నైట్రోజన్ పంపిస్తున్నాం. గది తలుపు మూసి సిలిండర్ గంటలకొద్దీ వదలకూడదు, ఆక్సిజన్ తగ్గుతుంది. ఆక్సిజన్ అలారం గోడకు బిగించాకే ఈ పని మొదలుపెట్టాం.

సెప్టెంబర్, మొదటి వారం: పరీక్ష

ఎఫ్‌టీఐఆర్ మూడు రోజులకు అరువు దొరికింది. ముందు పాలిస్టైరీన్ ఫిల్మ్. ఏ ఇన్‌ఫ్రారెడ్ ల్యాబ్‌లోనైనా పరికరం సరిచూసుకునే పలుచని పొర ఇదే. దాని గుర్తులు 3026 వేవ్‌నంబర్ల (సెంటీమీటరుకు పట్టే తరంగాల సంఖ్య) దగ్గర, 2924 దగ్గర ఉండాలి, అంటే 3.305, 3.42 మైక్రాన్లు. ఐడ్లర్‌ను పట్టిక ప్రకారం 3.36 దగ్గర నిలబెడితే రెండు గుర్తులూ స్పెక్ట్రం రెండు భుజాల మీదా కనిపించాయి. నారింజ లెక్క చెప్పిన మధ్య బిందువుకు, ఎఫ్‌టీఐఆర్ చూపిన దానికి తేడా మేం వేసుకున్న 15 నానోమీటర్ల హద్దులోనే ఉంది.

తర్వాత మిథేన్ సెల్. కంప్యూటర్‌లో 3.31 అని కొట్టగానే క్రిస్టల్ జరిగింది, పీజో జరిగింది, నారింజ కొద్దిగా మెరిసి కుదురుకుంది. ఎఫ్‌టీఐఆర్ తెరమీద మా పల్సు గుండ్రటి గుట్టలా ఉంది. దాని నడినెత్తిన 3018 వేవ్‌నంబర్ల దగ్గర క్యూ బ్రాంచ్ (మిథేన్ గీతలు ఒకేచోట గుంపుగా పడే భాగం) నిట్టనిలువు లోయ, దాని కుడీ ఎడమా 10 వేవ్‌నంబర్ల ఎడంతో పి, ఆర్ బ్రాంచ్‌ల సన్నటి గీతలు. పల్సు వెడల్పు 70 వేవ్‌నంబర్లు ఉండటం వల్ల గుట్ట మీద ఒకేసారి అటు మూడు, ఇటు మూడు గీతలు పడుతున్నాయి. ఇరుకు లేజర్ అయితే ఒక్కో గీత మీదికీ నడిచి వెళ్లాలి. ఐడ్లర్‌ను 3.28కి, 3.25కి జరుపుతూ పోతే ఆర్ బ్రాంచ్ వైపు కొత్త గీతలు ఒక్కొక్కటిగా గుట్ట కిందికి వచ్చాయి. సార్ కుర్చీ లాక్కుని చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నారు. "దీన్ని ఇక పిల్లలకు ఇవ్వచ్చు" అన్నారు.

సెప్టెంబర్, మూడో వారం: 4.1 అవతల

కెమిస్ట్రీ వాళ్లు అప్పుడే 6 మైక్రాన్లు అడుగుతున్నారు. ప్రోటీన్ల అమైడ్ పట్టు అక్కడ ఉంది. లిథియం నియోబేట్‌తో అది కుదరదు, 4 దాటే కొద్దీ క్రిస్టలే ఐడ్లర్‌ను మింగడం మొదలుపెడుతుంది.

దారులు రెండు చూస్తున్నాను. ఒకటి ఫైబర్. 2.8 మైక్రాన్ల ఎర్బియం ఫైబర్ లేజర్ పల్సును ఫ్లోరైడ్ ఫైబర్‌లో పంపి, సోలిటాన్‌గా (ఆకారం చెదరకుండా నడిచే పల్సుగా) మార్చి, రామన్ ప్రభావంతో పొడుగు తరంగదైర్ఘ్యం వైపు జార్చడం. 2016లో ఈ పద్ధతితో 2.8 నుంచి 3.6 మైక్రాన్ల దాకా వాట్ స్థాయి పవర్ చూపించారు. అందులో అందమేమిటంటే నాబ్ పంప్ పవరే, కావిటీ పొడవు గొడవ లేదు. కానీ 6కు అదీ అందదు.

రెండోది ఓరియెంటేషన్ ప్యాటర్న్డ్ (పీపీఎల్ఎన్‌లాగే లోపలి దిశ మాటిమాటికీ తిరగబడే) గాలియం ఫాస్ఫైడ్. 1 మైక్రాన్ పంప్‌ను తట్టుకుంటుంది, మధ్య ఇన్‌ఫ్రారెడ్‌లో చాలా దూరం పారదర్శకం. 2016లోనే స్కాట్లాండ్‌లోని హెరియట్ వాట్ బృందం ఈ క్రిస్టల్‌తో ఫెమ్టోసెకండ్ ఓపీఓ కట్టి 5 నుంచి 12 మైక్రాన్ల దాకా పోయింది. మా పంప్, మా పెట్టె, మా లాక్ అన్నీ అలాగే పనికొస్తాయి కాబట్టి నా ఓటు దీనికే. 6 మైక్రాన్ల ఐడ్లర్‌కు సిగ్నల్ 1258 నానోమీటర్లు, కాబట్టి మిర్రర్లు మార్చాలి. నారింజ లెక్క కూడా మారుతుంది: పంప్, సిగ్నల్ కలిసిన కాంతి 569 దగ్గర పడుతుంది, పచ్చదనం కలిసిన పసుపు. స్పెక్ట్రోమీటర్ పరిధిలోనే ఉంది, లాక్ ప్రోగ్రాంలో ఒక్క అంకె మారిస్తే చాలు. ఒక చిక్కు మాత్రం మిగిలింది: గాలియం ఫాస్ఫైడ్ 550 నానోమీటర్ల కింద కాంతిని మింగుతుంది, 520 ఆకుపచ్చ లోపలే ఆగి క్రిస్టల్‌ను వేడెక్కిస్తుంది. పంప్ పవర్ ఎంతవరకు పెంచవచ్చో ముందు దాని మీదే కొలతలు తీయాలి. క్రిస్టల్ కొటేషన్ అడిగాం. ఈలోగా జూనియర్ పట్టికను 2.7 నుంచి 4.1 దాకా ఇంకోసారి, ఈసారి ముసురు తగ్గిన గాలిలో నైట్రోజన్ ఆపి, నింపుతోంది.